డమ్మీ వద్దు, డైరెక్ట్ వద్దు: మా ఇంటి గీజర్‌తో నా అనుభవం

కడపలో గీజర్ అవసరమయ్యేది ఏడాదికి మూడు నెలలే. మార్చి దాటితే మిద్దె మీది ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. అయినా మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, చలికాలం చన్నీళ్లు పడవు. జమ్మలమడుగు దగ్గర ఊర్లో ఉన్నన్నాళ్లు ఆమెకు రాగి బాయిలర్ ఉండేది. ఎర్రముక్కపల్లిలో మేం అద్దెకు దిగిన మొదటి అంతస్తులో దాన్ని పెట్టే చోటూ లేదు, పొగ పోయే దారీ లేదు. అందుకని 25 లీటర్ల స్టోరేజి గీజర్ కొన్నాం.

ఆ రాగి బాయిలర్ సంగతి కొంచెం చెప్పాలి. నడిమధ్యలో పొగగొట్టం, చుట్టూ నీళ్లు, అడుగున కట్టెల మంట. పైన గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే పక్క కొమ్ములోంచి చెంబెడు వేణ్ణీళ్లు బయటికొస్తాయి. ఎక్కడా మూత బిగించి ఉండదు కాబట్టి ఎంత మంట పెట్టినా నీళ్లు మరిగి ఆవిరై పోతాయంతే. గీజర్ అన్ని వైపులా మూసేసిన ట్యాంకు. వేడెక్కిన నీళ్లు ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకు దారి కావాలి. గీజర్‌కు తగిలించిన సామాన్లలో చాలావరకు ఈ ఒక్క చిక్కు కోసమే ఉన్నాయని బిగించే రోజుల్లోనే అర్థమైంది.

గోడకు తగిలించడం, సీపీవీసీ పైపులు వేయడం తొందరగానే అయిపోయాయి. వేడినీళ్ల లైనుకు మామూలు పీవీసీ వాడితే మెత్తబడి జాయింట్లు ఊడతాయి, అది మాత్రం ముందే గట్టిగా చెప్పాను. అసలు గొడవ చన్నీళ్లు లోపలికి పోయే చోట బిగించే చిన్న ఇత్తడి వాల్వు దగ్గర మొదలైంది. మల్టీ ఫంక్షన్ వాల్వు అంటారు. ట్యాంకు నీళ్లు వెనక్కి పోకుండా ఆపేదీ, లోపల ఒత్తిడి హద్దు మీరితే నీళ్లు బయటికి వదిలేదీ అదే. గీజర్ ఆన్ చేసిన కాసేపటికి దాని పక్క రంధ్రంలోంచి చుక్కలు మొదలయ్యాయి. చుక్క చుక్క కారి స్నానాల గది గోడంతా తడి.

ప్లంబర్ అబ్బాయిని పిలిస్తే చూసి నవ్వాడు. "ఏం లేదక్కా, దీనికి డమ్మీ కొట్టేస్తా. ఇంక సుక్క కూడా కారదు."

"అది కారడానికే పెట్టింది కదా తమ్ముడూ. మూసేస్తే ఆ నీళ్లు యాడికి పోతాయి?"

"అందరిండ్లలో అట్లనే కొడతాండామక్కా, ఏం కాలేదు."

ఏం కాకపోవడానికి కారణం ఉంది. నీళ్లు అనుకున్నంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ సరిగ్గా పనిచేసినన్ని రోజులు ఆ వాల్వు వదలాల్సింది ఉబ్బిన కాసిని నీళ్లే, వాటి ఒత్తిడికే ట్యాంకు వెంటనే పగలకపోవచ్చు. థర్మోస్టాట్ చెడి, అది ఆపకపోతే కరెంటు తెంచడానికి దాని వెనకున్న కటౌట్ కూడా చెడిన రోజున మిగిలేది ఆ వాల్వు ఒక్కటే. మూసిన ట్యాంకులో ఒత్తిడి పెరిగితే నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరగవు. 8 బార్ల ఒత్తిడిలో (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) 170 డిగ్రీలు దాటినా నీళ్లుగానే ఉంటాయి. అప్పుడు ట్యాంకు ఎక్కడ పగిలినా ఆ నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు కావాలి. కుక్కర్ సేఫ్టీ వాల్వుకు మేకు కొట్టి పప్పు ఉడికించినట్టే అన్నాక ఆ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు.

చుక్కలు ఎన్ని రావాలో లెక్క వేసి చూపించాను. 25 డిగ్రీల నీళ్లు 60కి వేడెక్కితే ఒకటిన్నర శాతం దాకా ఉబ్బుతాయి. 25 లీటర్లకు అది సుమారు 350 మిల్లీలీటర్లు. వెనక్కి పోయే దారి మూసుంది కాబట్టి ఆ మేరకు వాల్వులోంచి రావాల్సిందే. కింద చెంబు పెట్టి చూస్తే వేడెక్కేటప్పుడే కారుతోంది, ఆఫ్ చేశాక ఆగిపోతోంది. అంటే వాల్వు మంచిదే. గీజర్ ఆఫ్‌లో ఉన్నా ఆగకుండా కారితేనే వాల్వులో చెత్తో సున్నమో ఇరుక్కుందనీ, లైన్లో ఒత్తిడి ఎక్కువుందనీ అనుమానించాలి. మా ట్యాంకు గీజర్ కంటే నాలుగు మీటర్ల ఎత్తులో ఉంది. పది మీటర్లకు ఒక బార్ లెక్కన అర బార్ కూడా రాదు, కాబట్టి ఆ భయం లేదు. ప్రెషర్ పంపు పెట్టుకున్నవాళ్లు మాత్రం గీజర్ మీద రాసున్న బార్ల అంకె చూసుకోవాలి.

చివరికి ఆ రంధ్రానికి సన్నటి పైపు తగిలించి కిందికి వాటంగా దించి నీళ్ల తూము దగ్గర వదిలేశాం. ఆ పైపు చివర కుళాయి పెట్టకూడదు, ఎక్కడా వంచి పైకి ఎత్తకూడదు. అంతే పని.

మా చిన్నమ్మ కొడుకు చికాగోలో ఉంటాడు. వీడియో కాల్‌లో నా గోల విని వాళ్ల ఇంటి కింది గదిలోని బాయిలర్ చూపించాడు. అది స్నానానికి కాదు, వేణ్ణీళ్లను పైపుల్లో తిప్పి ఇల్లంతా వెచ్చబెట్టడానికి. దాని పక్కన ఒక డబ్బా ఉంది, లోపల రబ్బరు పొర, ఒక పక్క గాలి, ఒక పక్క నీళ్లు. ఉబ్బిన నీళ్లు ఆ పొరను నెట్టుకుని అందులోకి పోతాయి, చుక్క కూడా బయటికి రాదు. అయినా సేఫ్టీ వాల్వు వేరుగా ఉంది, 30 పీఎస్ఐ, అంటే 2 బార్ల దగ్గర తెరుచుకునేది. నీళ్లు తగ్గితే మంట ఆర్పే కంట్రోలు ఇంకొకటి. అలాంటి డబ్బా ఒకటి మాకూ పెట్టుకుందామని ఇక్కడ షాపుల్లో అడిగితే వాటర్ ప్యూరిఫయర్ ట్యాంకు చూపించారు. సరేలే, మనకు పైపు చాలు.

కరెంటు పని మీద నాకు ఇంకా ఎక్కువ పట్టుదల. 2,000 వాట్ల గీజర్ తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, విడిగా ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మీరితే తనే పడిపోయే స్విచ్చు ఉండాలి. ఎలక్ట్రీషియన్ ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూశాడు. మిణుకుమిణుకుమంది, అంటే ఎర్త్ సరిగా లేదు. మే నెల ఎండకు ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. ఇంటి ఓనరుతో మాట్లాడి గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు వేయించి బాగు చేయించాం. ఎండాకాలంలో అందులో బకెట్టు నీళ్లు పోయడం ఇప్పుడు నా పనుల్లో ఒకటి. ఆ తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కొంచెం లీకైనా సరఫరా తెంచేసే స్విచ్చు పెట్టించాను. ఎంసీబీ ఉంది కదా మళ్లీ ఇదెందుకని మా ఆయన అడిగాడు. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, ఒంట్లోంచి పారే కొద్దిపాటి కరెంటు దానికి లెక్కలోకే రాదు. తడి కాళ్లతో నిలబడే చోట ఆర్‌సీసీబీ లేకుండా గీజర్ పెట్టుకోవద్దని నేను ఎవరికైనా చెబుతాను.

మరుసటి చలికాలం గీజర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి కింది మూత విప్పాడు. కటౌట్ పడిపోయి ఉంది. థర్మోస్టాట్ నీళ్లను ఆపాల్సిన వేడి దగ్గర ఆపకపోతే ఈ కటౌట్ కరెంటు తీసేస్తుంది, చేత్తో నొక్కితే తప్ప మళ్లీ కలవదు. నొక్కి వెళ్లాడు, మళ్లీ పడింది. రెండోసారి వచ్చి, "మేడమ్, దీన్ని డైరెక్ట్ ఇచ్చేస్తా, ఇంక ప్రాబ్లమ్ ఉండదు" అన్నాడు.

కటౌట్‌ను తప్పించి వైరు నేరుగా కలిపేయడమన్నమాట. వద్దు, అది ఎందుకు పడుతోందో చూడమన్నాను. నీళ్లు వేడిచేసే ఎలిమెంటు విప్పి తీస్తే కడ్డీ కనపడలేదు, దాని చుట్టూ వేలెడు మందాన తెల్లటి సున్నం. థర్మోస్టాట్ దూరే గొట్టం మీద కూడా అదే పెచ్చు. లోపలి వేడి థర్మోస్టాట్‌కు ఆలస్యంగా తెలుస్తోంది, ఈలోపు కటౌట్ పడుతోంది. మన కడప బండ సున్నపురాయే కదా, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. అలాంటి రాళ్లలోంచి ఊరిన బోరు నీళ్లలో సున్నం లేకపోతేనే ఆశ్చర్యం. తాగే నీటికి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని, వేరే నీళ్లు లేనిచోట 600 దాకా పర్వాలేదని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణం. మా బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఆ 600కు కాస్త ఇవతల వచ్చాయి. నీళ్లు ఎంత వేడెక్కితే సున్నం అంత వేగంగా కడుతుంది కాబట్టి థర్మోస్టాట్ 75 నుంచి 55కు దించాం. అత్తమ్మకు అదే నయం, 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కొన్ని సెకన్లలోనే కాల్చేస్తాయి.

అదే మూత వెనక మెగ్నీషియం కడ్డీ కూడా బయటపడింది. ట్యాంకు ఇనుము తుప్పు పట్టకుండా తను కరిగిపోయే కడ్డీ అది. మాది సన్నటి తీగలా మిగిలింది. లవణాలు ఎక్కువున్న నీళ్లలో అది తొందరగా అయిపోతుంది. సర్వీసు అంటే మామూలుగా ఎలిమెంటు గీకి, మూత బిగించి డబ్బులు తీసుకుంటారు, ఈ కడ్డీ ఊసు ఎత్తరు. అందుకే ఇప్పుడు నవంబరులో ఫోను చేసేటప్పుడే మోడల్ నంబరు చెప్పి కొత్త కడ్డీ, కొత్త వాషరు తెమ్మంటాను. తేకపోతే మూత విప్పనివ్వను.