ఫ్యూజన్ కరెంటు కంటే ముందే అమ్ముడవుతున్న ప్లాస్మా, న్యూట్రాన్లు

తేలికపాటి పరమాణు కేంద్రకాలు కలిసి శక్తినిచ్చే కేంద్రక సంలీనం, అంటే ఫ్యూజన్, గురించి ఎక్కడ మాట మొదలైనా, ఫ్యూజన్ కరెంటు మన ఇళ్ళకు ఎప్పుడొస్తుందన్న ప్రశ్న దగ్గరికే చేరుతుంది. బాలానగర్ పారిశ్రామికవాడలో అచ్చులు, డైల పనిలో ఏళ్ళ తరబడి ఉన్న నాకు మాత్రం మరో ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. ఆ శాస్త్రానికి సంబంధించిన ఏ సరుకు ఇవాళ బజారులో అమ్ముడవుతోంది, దాన్ని ఎవరు, ఎందుకు కొంటున్నారు? ఈ ప్రశ్నకు గట్టి జవాబులే ఉన్నాయి. ఫ్యూజన్ భవిష్యత్తును అంచనా వెయ్యడానికి కూడా అవే పనికొస్తాయని నా నమ్మకం.

సంలీనానికి ఇంధనాన్ని ప్లాస్మాగా, అంటే అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి విద్యుదావేశం ఉన్న వాయువుగా మార్చాలి. ఆ ప్లాస్మాతోనే నడిచే, ముందుగా నాకు బాగా తెలిసిన పని సంగతి చెబుతాను. ఉక్కు పైపొరలోకి నత్రజనిని ఎక్కించి దాన్ని గట్టిపరచడాన్ని నైట్రైడింగ్ అంటారు. పాత పద్ధతుల్లో దీన్ని అమ్మోనియా వాయువుతోనో, సయనైడు లవణాలు కరిగించిన తొట్టెలోనో చేసేవారు. ప్లాస్మా పద్ధతిలో జాబ్‌లను (గట్టిపరచాల్సిన ముక్కలను) చాంబర్‌లో పేర్చి, గాలి లాగేసి, నత్రజని, హైడ్రోజన్ల మిశ్రమాన్ని కొద్ది మిల్లీబార్ల పీడనంలో వదిలి, జాబ్‌లనే కాథోడ్‌గా (రుణ ధ్రువంగా) చేసి కొన్ని వందల వోల్టులు ఇస్తారు. చాంబర్‌కున్న గాజు కిటికీలోంచి చూస్తే, గేరు ప్రతి పన్ను అంచునూ ఊదారంగు వెలుగు తొడుగులా పట్టుకుని ఉంటుంది. ఉష్ణోగ్రత సుమారు 500 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి, మిల్లింగ్, గ్రైండింగ్ అన్నీ పూర్తయిన డై కూడా వంకర పోకుండా బయటికొస్తుంది.

అయితే ఈ పని అజాగ్రత్తను అస్సలు సహించదు. జాబ్ మీద ఎక్కడైనా నూనె మరక మిగిలితే అక్కడ ఆర్క్ కొట్టి, లోహం మీద మచ్చ పడుతుంది. సన్నటి రంధ్రాలున్న చోట రెండు వైపుల వెలుగూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఆ భాగం మిగతా జాబ్ కంటే ఎక్కువగా వేడెక్కిపోతుంది. అందుకే అనుభవమున్న ఆపరేటర్లు అటువంటి రంధ్రాలను ముందే మూసేస్తారు. స్టెయిన్‌లెస్ స్టీలు విషయంలో దాని పైనుండే ఆక్సైడు పొర నత్రజనిని లోపలికి రానివ్వదు. దాన్ని ఆమ్లంతో కడగనవసరం లేకుండా, అదే చాంబర్‌లో హైడ్రోజన్ అయాన్లతో తాడనం చేసి తొలగించవచ్చు. సయనైడు తొట్టె పక్కన నిలబడి పనిచేసే కార్మికుల ఆరోగ్యం గురించి ఆలోచించే ఎవరికైనా ఈ మార్పు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మన దేశంలో ఇటువంటి ప్లాస్మా పనులకూ, సంలీన పరిశోధనకూ ఒకే ఇంట్లో చోటు దొరికింది. గాంధీనగర్ దగ్గరున్న ప్లాస్మా పరిశోధన సంస్థ, ఐపీఆర్, 1989లో 'ఆదిత్య' టోకమాక్‌ను (ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంలో బంధించే యంత్రాన్ని) నడపడం మొదలుపెట్టింది. అక్కడ కూడిన శూన్య సాంకేతికత, అధిక వోల్టేజీ పరికరాల అనుభవం పరిశ్రమలకు అందాలన్న ఉద్దేశంతో ఆ సంస్థ ఒక ప్రత్యేక పారిశ్రామిక ప్లాస్మా విభాగాన్ని కూడా ఏర్పాటు చేసింది. నైట్రైడింగ్‌తో పాటు ఆసుపత్రి వ్యర్థాల ప్లాస్మా పైరాలిసిస్ మీద ఆ విభాగం చేసిన పని నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. సిరంజిలు, రక్తపు సంచుల వంటి వాటిలో క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్కులూ ఉంటాయి. వాటిని చాలీచాలని వేడిలో కాలిస్తే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషాలు పుడతాయి. ప్లాస్మా ఆర్క్ వేడిలో, ప్రాణవాయువు చాలా తక్కువగా ఉన్న స్థితిలో, ఆ పదార్థం ప్రధానంగా హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడు వంటి చిన్న అణువులుగా విడిపోతుంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు దీన్ని ఆమోదిత పద్ధతుల్లో చేర్చాయి. విద్యుత్తు ఖర్చే దీనికి అడ్డంకి. కానీ ఆసుపత్రి పొగ గొట్టం పక్కన బతికేవాళ్ళ ఆరోగ్యాన్ని లెక్కలో చేర్చకుండా ఆ ఖర్చు ఎక్కువని తేల్చడం న్యాయం కాదు.

చిప్పుల తయారీ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ ప్లాస్మా లేకపోతే అసలు పరిశ్రమే లేదు. సిలికాన్ మీద సన్నటి గాడులు చెక్కడం ప్లాస్మా ఎచింగ్‌తోనే సాధ్యమవుతోంది. అత్యాధునిక చిప్పుల కోసం డచ్ కంపెనీ ఏఎస్ఎంఎల్ తయారుచేసే యంత్రాల్లో సెకనుకు దాదాపు 50,000 కరిగిన తగరపు బిందువులను లేజర్‌తో కొట్టి ప్లాస్మాగా మారుస్తారు. దాని నుంచి వచ్చే 13.5 నానోమీటర్ల కాంతి చిప్పు మీద నమూనాను ముద్రిస్తుంది.

పై పనుల్లో ఎక్కడా కేంద్రకాలు కలవవు. నిజమైన సంలీన చర్యతో వ్యాపారం చెయ్యవచ్చా అంటే, చెయ్యవచ్చు, కానీ సరుకు కరెంటు కాదు, న్యూట్రాన్. హైడ్రోజన్‌కు బరువైన రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు ఒక్కొక్కటి కలిసినప్పుడు ఒక న్యూట్రాన్ బయటికొస్తుంది, మొత్తం 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుంది. నేను లెక్క వేసి చూస్తే, కేవలం ఒక యూనిట్ (కిలోవాట్ అవర్) వేడి పుట్టడానికి దాదాపు 12,800 కోటి కోట్ల చర్యలు జరగాలి. ఆ వేడిలో కరెంటుగా మారేది కొంత భాగమే, దానికి దొరికే ధర కొద్ది రూపాయలే. అదే న్యూట్రాన్‌తో ఒక టర్బైన్ బ్లేడు లోపలి శీతలీకరణ మార్గాల్లో పోత పోసినప్పటి సిరామిక్ ముక్క ఏదైనా ఇరుక్కుందేమో చూడగలిగితే, విమాన ఇంజన్ల కంపెనీ దానికి ఎన్నో రెట్లు ఎక్కువ చెల్లిస్తుంది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో షైన్ టెక్నాలజీస్ అనే కంపెనీ సరిగ్గా ఈ లెక్క మీదే నడుస్తోంది. న్యూట్రాన్ చిత్రీకరణతో మొదలుపెట్టి, వైద్య ఐసోటోపుల (న్యూట్రాన్లతో తయారుచేసే రేడియోధార్మిక పదార్థాల) మీదుగా, చివరికి విద్యుత్తుకు చేరాలన్నది వాళ్ళ ప్రణాళిక. ఆసుపత్రుల్లో గుండె, ఎముకల స్కానింగుకు వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 6 గంటలే. దానికి మూలమైన మాలిబ్డినం-99 అర్ధాయువు 66 గంటలు. నిల్వ పెట్టుకోలేని ఈ సరుకు కోసం ప్రపంచమంతా కొద్దిపాటి పాత రియాక్టర్ల మీద ఆధారపడింది. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు భారజలం లీకై ఏడాదికి పైగా ఆగిపోయినప్పుడు ఎన్నో దేశాల్లో రోగుల స్కానింగులు వాయిదా పడ్డాయి. అటువంటి చోట సంలీన న్యూట్రాన్‌కు ఉన్న విలువ, ఆ చర్య తిన్న కరెంటు కంటే తక్కువ శక్తినిచ్చినా తగ్గదు.

కరెంటు విషయంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2.05 మెగాజౌళ్ళ లేజర్ శక్తికి 3.15 మెగాజౌళ్ళ సంలీన శక్తి వచ్చింది. అది నిస్సందేహంగా గొప్ప విజయం. అయితే ఆ లేజర్లను నడపడానికి సుమారు 300 మెగాజౌళ్ళ కరెంటు ఖర్చయిందన్న సంగతిని కూడా దానితో పాటే చెప్పాలి. ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ సంలీన ప్రయోగ రియాక్టరు ఐటర్‌కు గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ సుమారు 3,850 టన్నుల క్రయోస్టాట్‌ను తయారుచేసి పంపింది. అంత పెద్ద శూన్యపాత్రను కట్టగలిగిన నైపుణ్యం మన దేశానికి మిగిలింది. ఐటర్‌లో అసలైన డ్యుటీరియం-ట్రిటియం ప్రయోగాలు మాత్రం 2024లో ప్రకటించిన కొత్త కాలపట్టిక ప్రకారం 2039కి గానీ మొదలుకావు. ప్రైవేటు రంగంలో 2028 నాటికే మైక్రోసాఫ్ట్‌కు కరెంటు ఇస్తామని హీలియన్ కంపెనీ 2023లో ఒప్పందం చేసుకుంది. ఆ గడువు నిలబడుతుందన్న నమ్మకం నాకు లేదు.

డ్యుటీరియం-ట్రిటియంతో కరెంటు విషయంలో నా అనుమానం ప్రధానంగా ఇంధనం దగ్గర ఉంది. డ్యుటీరియానికి లోటు లేదు. తెలంగాణలోని మణుగూరులో గోదావరి నీటి నుంచే భారజలాన్ని వేరుచేస్తున్నారు. అందులోని డ్యుటీరియానికి సంలీనంతో సంబంధం లేని గిరాకీ కూడా ఉంది. హంటింగ్టన్ వ్యాధిలోని అదుపులేని కదలికలకు ఇచ్చే డ్యుటెట్రాబెనజీన్ అనే మందు అణువులో అది భాగం. ట్రిటియం సంగతి వేరు. దాని అర్ధాయువు 12.3 ఏళ్ళు, కాబట్టి దాచిపెట్టినా తరిగిపోతుంది. ఒక గిగావాట్ సంలీన శక్తిని ఏడాది పొడుగునా నడపాలంటే దాదాపు 55 కిలోల ట్రిటియం కావాలి. ప్రపంచంలో పౌర అవసరాలకు అందుబాటులో ఉన్న నిల్వ మొత్తం కొన్ని పదుల కిలోలే. రియాక్టరు చుట్టూ లిథియం పొర అమర్చి, అక్కడే ట్రిటియాన్ని పుట్టించుకోవాలి. ఖర్చైన దానికంటే కొంచెం ఎక్కువే పుట్టాలి. ఆ పొర పూర్తిస్థాయిలో పనిచేసినట్టు ఇంతవరకు ఏ యంత్రమూ చూపలేదు. డ్యుటీరియం-ట్రిటియంతో కరెంటు అమ్ముతామని వచ్చే ప్రతి కంపెనీనీ పెట్టుబడిదారులు మొదట అడగవలసింది ఆ పొర గురించే.