వంగిన వంతెన నుంచి వంగిన వాగు దాకా

కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్ చాలా చిన్న ఊరు. దాని పక్కనే, వాగు మీద ఉన్న వంతెన కిందుగా శాన్ ఆండ్రియాస్ భ్రంశం, అంటే భూమి పైపొరలోని పెద్ద ముక్కలు (ఫలకాలు) ఒకదాని పక్కన ఒకటి జారే పగులు, పోతుంది. ఒక గట్టు పసిఫిక్ ఫలకం, రెండో గట్టు ఉత్తర అమెరికా ఫలకం. రెయిలింగ్ వెంబడి కన్ను పెట్టి చూశాను. తిన్నగా ఉండాల్సిన కమ్మీ పక్కకు వంగి ఉంది. ఏ లారీ గుద్దిందీ కాదు, కింద నేలే ఏళ్ల తరబడి మెల్లగా లాక్కుపోయింది.

అయితే నన్ను అంత దూరం రప్పించింది అక్కడి కొండల మీద, నేల కదలికను కొలిచే జీపీఎస్ స్టేషన్లు. కంచె బయటి నుంచే ఒకదాన్ని చూశాను. నేలలోకి లోతుగా దిగిన స్టీలు కాళ్లు, బోర్లించిన గిన్నెలాంటి మూత కింద యాంటెన్నా, పక్కన సోలార్ పలక. పై మన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. అది ఫలకం కదలికలా కనిపించకూడదనే కాళ్లను అంత లోతుకు దించుతారు.

మన ఫోన్ వినేదీ ఈ స్టేషన్ వినే జీపీఎస్ ఉపగ్రహాలనే, కానీ దాని లెక్క మీటర్లలో తప్పుతుంది. ఈ స్టేషన్‌లోని రిసీవర్ మాత్రం సంకేతాన్ని మోసుకొచ్చే అలనే కొలుస్తుంది. ఆ అల పొడవు సుమారు 19 సెంటీమీటర్లు, అందులో చిన్న తునకను కూడా ఇది గుర్తుపడుతుంది. వాతావరణం వల్ల వచ్చే ఆలస్యాన్ని సరిదిద్ది, రోజంతా కొలిచినవి కలిపితే, 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చిన సంకేతాలతో మిల్లీమీటర్ల కదలిక తెలుస్తుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పార్క్‌ఫీల్డ్‌లో 1966లో భూకంపం వచ్చింది, దాని తర్వాతిది 1993 లోపే వస్తుందని అంచనా వేశారు. అది 2004 సెప్టెంబర్ 28న, 6.0 తీవ్రతతో వచ్చింది. కుదుపు సెకన్లలో ముగిసినా, భ్రంశం నెలల తరబడి జరుగుతూనే ఉందని జీపీఎస్ చూపింది.

మర్నాడు దక్షిణాన కరిజో మైదానానికి వెళ్లాను. పార్క్‌ఫీల్డ్‌కు ఉత్తరాన భ్రంశం నిత్యం జారుతూ ఉంటుంది. ఇక్కడ మాత్రం రెండు వైపులా బిగుసుకుపోయింది. భ్రంశానికి దూరంగా ఉన్న స్టేషన్లు ఏటా జరుగుతున్నా, అంచున ఉన్నవి ఒకదాన్నొకటి దాటి పోవడం లేదు. ఆ తేడా అంతా రాతిలో ఒత్తిడిగా పేరుకుంటోంది. 1857లో అది ఒక్కసారిగా తెగినప్పుడు తీవ్రత సుమారు 7.9. చుట్టూ అంత నిశ్శబ్దం ఉన్నా నాకు టెన్షన్‌గానే అనిపించింది.

వాలెస్ క్రీక్ అనే ఎండిన వాగు అక్కడే ఉంది. కొండ మీంచి తిన్నగా దిగి, భ్రంశం దగ్గర చటుక్కున పక్కకు తిరిగి, 130 మీటర్లు నడిచి మళ్లీ కిందికి దిగుతుంది. ఆ 130 మీటర్లు జరగడానికి సుమారు 3,700 ఏళ్లు పట్టిందని తవ్వకాల్లో తేలింది. భాగిస్తే ఏడాదికి దాదాపు 35 మిల్లీమీటర్లు. జీపీఎస్ కొలతలూ ఇంచుమించు అంతే చెబుతున్నాయి. ఆ మలుపు వెంట అటు నుంచి ఇటు దాకా, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను.