కొంకణ్ మొత్తం కాదు, మాల్వణ్ ఒక్కటే

మా ఇంట్లో సముద్రం చూసిన మనిషి అత్తమ్మ ఒక్కతే. అదీ ఇరవై ఏళ్ళ కింద రామేశ్వరం యాత్రలో, మునిగి లేచి తడిబట్టలతోనే బస్సెక్కిందట. మిగిలినవాళ్ళం మహారాష్ట్రలో తెలంగాణ బార్డర్ పక్కనున్న ధర్మాబాద్ జనం, మాకు పెద్ద నీళ్ళంటే గోదావరి. ఏటా జూలై 1న బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తుతారు కదా, ఆ రోజు గట్టు మీద నిలబడి చూస్తే అదే మాకు సముద్రం. మొన్న మా అమ్మాయి స్కూలు నుంచి వస్తూనే, "అమ్మా, మన మహారాష్ట్రకు 720 కిలోమీటర్ల సముద్ర తీరం ఉందట, మనమెందుకు ఒక్కసారి కూడా పోలే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడే మరాఠీ మీడియంలో చదివి, ఇక్కడే పెళ్ళయింది నాకు, అయినా ఊరు కదిలితే బాసర, నిజామాబాద్, తిరుపతి, ఎప్పుడూ తూర్పు ముఖమే. గోదావరి కూడా మా లాంటిదే అనుకోండి. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరం కొండల్లో అది పుట్టిన చోటికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే, అయినా అటు తిరిగి చూడకుండా 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది.

సరే, ఈ దీపావళి సెలవులకు ఆ తీరానికి, అంటే కొంకణ్‌కు, పోవాల్సిందే అని తీర్మానం అయింది. మేం నలుగురం, నిజామాబాద్ నుంచి అక్క, బావ, వాళ్ళబ్బాయి, మొత్తం ఏడుగురం. ఆ రోజు రాత్రే అక్క వాట్సాప్‌లో ఒక లిస్టు పంపింది. అలీబాగ్, మురుడ్ జంజీరా, హర్ణై, గణపతిపులే, రత్నగిరి, విజయదుర్గ్, మాల్వణ్. కింద ఇంకో ముక్క: "ఎట్లాగూ అంత దూరం పోతున్నం కదనే, గోవా గూడా చూసి వద్దాం." ఇదంతా అయిదారు రోజుల్లో! ఈ "ఎట్లాగూ పోతున్నం కదా" అనే మాట ఉంది చూడండి, మన తెలుగోళ్ళ ప్రయాణాలన్నీ దీనివల్లే పాడవుతాయి. తిరుపతి పోయి కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు గోల్డెన్ టెంపుల్ అన్నీ ఒక్క రోజులో చుట్టేసి, ఇంటికొచ్చాక ఏ గుళ్ళో ఏం చూశామో గుర్తులేని బాపతు.

మొదట నేనూ అది అయ్యే పనే అనుకున్నా. ఫోన్లో మ్యాప్ తెరిస్తే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వేలెడంత దూరం కనపడింది. తర్వాత దారి అడిగితే తెలిసింది అసలు సంగతి. కొంకణ్ అంటే సహ్యాద్రికీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న సన్నటి పట్టీ. కొండ మీద పడ్డ వాన సముద్రంలోకి దూకడానికి ఎంతో దూరం లేదు, అందుకని అక్కడ అన్నీ పొట్టి నదులే, ప్రతి నదీ సముద్రంలో కలిసే చోట ఉప్పునీళ్ళు లోపలికి తన్నుకొచ్చి ఒక ఖాడీ అవుతుంది. అంటే ఒడ్డు వెంబడే కారేసుకుని తిన్నగా పోదామంటే కుదరదు. కొన్నిచోట్ల ఖాడీ దాటడానికి ఫెర్రీలున్నాయి, దాభోళ్ దగ్గర, జైగఢ్ దగ్గర, కార్లు బస్సులు కూడా ఎక్కించుకుంటాయి, అది దొరక్కపోతే ఖాడీ చుట్టూ తిరిగి రావాలి. ముంబై–గోవా హైవే ఏమో లోపలి నుంచి పోతుంది, కొంకణ్ రైలు కూడా లోపలి నుంచే. దువ్వెన ఊహించుకోండి. హైవే దాని వెన్ను, సముద్రం పక్క ఊళ్ళన్నీ పళ్ళ చివర్లు. ఒక పన్ను మీంచి పక్క పన్ను మీదికి పోవాలంటే మళ్ళీ వెన్ను దాకా వచ్చి దిగాలి. అక్క లిస్టులో ఏడు పళ్ళున్నాయి. ఏడుసార్లు ఎక్కుడూ దిగుడూ, ఘాట్ మలుపుల్లో వాంతులు చేసుకునే ఇద్దరు పిల్లలతో.

అందుకని లిస్టు కొట్టేసి ఒక్క పన్నే పట్టుకుందామన్నాను. గొడవ అక్కడ మొదలైంది. బావ రత్నగిరి అన్నాడు, ఆయనకు చరిత్ర పిచ్చి. తిలక్ పుట్టిన ఊరు, పైగా బ్రిటిష్ వాళ్ళు 1885లో బర్మా రాజు థీబాను గద్దె దింపి తెచ్చి పెట్టింది అక్కడే, ఆయన కోసం కట్టిన రాజభవనం ఇంకా ఉంది, రాజు 1916లో ఆ ఊళ్ళోనే పోయాడు. అత్తమ్మ గణపతిపులే అంది. సముద్రం ఒడ్డునే స్వయంభూ వినాయకుడు, విగ్రహానికి కాదు, కొండ మొత్తానికి ప్రదక్షిణ చేయాలి. ఇద్దరికీ కాదనడానికి లేదు. కానీ పిల్లలిద్దరికీ సముద్రం నడుమ ఉన్న కోటే కావాలి, అది మాల్వణ్‌లో ఉంది, సింధుదుర్గ్. శివాజీ 1664లో మొదలుపెట్టించి మూడేళ్ళలో కట్టించాడు. చుట్టూ ఉప్పునీళ్ళే అయినా కోట లోపల మంచినీళ్ళ బావులు మూడున్నాయట, పాల బావి, పెరుగు బావి, చక్కెర బావి అని పేర్లు. మా ఆయన ఈ గొడవలో పడలేదు, చేపలు ఎక్కడ బాగుంటే అక్కడికే అన్నాడు, అదీ మాల్వణే. ఓట్లు లెక్కపెడితే మాల్వణ్ గెలిచింది. అత్తమ్మ ముఖం చూసి, తిరుగు దారిలో కొల్హాపూర్ అంబాబాయి దర్శనం ఒప్పుకున్నాం. బావకు ఏమీ దక్కలేదు, పాపం.

ఇప్పుడు తేదీలు. బార్డర్‌లో ఉన్నవాళ్ళకే తెలుసు ఈ టెన్షన్. మా పిల్లలకు పెద్ద సెలవులు దీపావళికి, తెలంగాణలో అక్క వాళ్ళకు దసరాకు. బాసర స్టేషన్ మాకు పక్కనే, మధ్యలో రాష్ట్రాల బార్డర్ ఒక్కటే అడ్డం, కానీ క్యాలెండర్లు రెండు. దసరాకే పోదామంటే మా అమ్మాయికి పరీక్షలు. సంక్రాంతి వాళ్ళకు సెలవులు, మాకు తిల్‌గుళ్ పంచి మర్నాడు స్కూలు. ఆ తర్వాత మిర్చి సీజన్ మొదలవుతుంది, ధర్మాబాద్ మార్కెట్లో మిర్చి బస్తాలు దిగాయంటే మా ఆయన పెళ్ళికి పిలిచినా రాడు. ఎండాకాలం అంటే హాపూస్ మామిడి దొరుకుతుంది నిజమే, కానీ ఆ ఉక్కపోత అత్తమ్మ తట్టుకోదు.

వానాకాలం సంగతి నన్నడక్కండి. పోయినేడు అదే చేశాం. జూన్‌లో రూములు చౌక అని ఎవరో చెబితే ఒక హోమ్‌స్టేకు ఫోన్ చేశాను, అడ్వాన్స్ పంపమన్నాడు, పంపాను. టికెట్లు కూడా తీశాక మా అమ్మాయి టీచరమ్మ చెప్పింది, వానల్లో కోటకు పడవలు బంద్, చేపల వేట కూడా జూన్ 1 నుంచి జూలై ఆఖరు దాకా నిషేధం అని. అంటే కోటా లేదు, తాజా చేపా లేదు. హోమ్‌స్టే ఆయనకు ఫోన్ చేస్తే "సముద్రం అయితే ఉంటుంది కదా మేడం" అన్నాడు. అడ్వాన్స్ పోయింది. ఈసారి ఇంకోళ్ళను పట్టుకున్నాం, అడ్వాన్స్ పంపే ముందు పడవలు నడుస్తున్నాయా అని మూడుసార్లు అడిగి.

అందుకే దీపావళి అయ్యాక. వానలు పోయి ఉంటాయి, మిర్చి రాదు, అక్క కొడుకు బడి మూడు నాలుగు రోజులు ఎగ్గొడతాడు. అంతా కుదిరింది అనుకున్నాక అక్కకు గుర్తొచ్చింది, అది కార్తీకం. వాళ్ళ అత్తగారింట్లో కార్తీకమాసం నీసు ముట్టరు. మాల్వణ్ పోయి చేప తినకుండా రావడం అంటే బావకు గుండె ఆగినంత పనైంది. "మహారాష్ట్రలో ఆ పట్టింపు అంత లేదు కదా మరదలా, బార్డర్ దాటితే మాఫీ ఉంటదేమో కనుక్కో" అన్నాడు. అక్క ఊరుకోలేదు, "బార్డర్ మారుతది గని పంచాంగం మారదు" అంది. అది నిజం, ఉగాదీ గుడిపాడ్వా ఒక్కరోజే, నెలలూ ఒకటే. చేప తిననివాళ్ళకు అక్కడ ఏముంటుందో వాకబు చేశాను. ఘావణే అని పల్చటి బియ్యప్పిండి అట్లు, కొబ్బరి వేసిన మొలకల కూర ఉసళ్, పులిసిన పిండితో పోసే ఆంబోళ్యా అట్లు, అన్నిటికీ మించి సోల్‌కఢీ. కోకం పండ్ల రసం, కొబ్బరిపాలు కలిపి చేసే గులాబీరంగు చారు లాంటిది, అన్నం తిన్నాక గ్లాసులో పోసుకుని తాగుతారట. అక్క సరే అంది. బావ ఇంకా సరే అనలేదు. బంగ్డా అంటే మన కానాగంతలే అని తెలిసినప్పట్నుంచి ఫోటోలు పంపుతున్నాడు.

దారి గురించి ఎక్కువ చెప్పను. నాందేడ్ నుంచి పనవేల్ బండి, లాతూర్, పూణే మీదుగా రాత్రంతా పోయి పొద్దున దింపుతుంది. పనవేల్‌లో కొంకణ్ వైపు బండి మారాలి. మధ్యలో చాలా వ్యవధి ఉండేలా చూసుకున్నాం, మన బండి లేటైతే ఏడుగురం ప్లాట్‌ఫారం మీద పరిగెత్తలేం. రిజర్వేషన్ 60 రోజుల ముందు పొద్దున 8కి తెరుచుకుంటుంది, దీపావళికి కొంకణ్ టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి, మా ఆయన ఒక ఫోన్, నేను ఒక ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. దిగేది కుడాళ్‌లో. అక్కణ్ణుంచి మాల్వణ్ ఇంకో 30 కిలోమీటర్లు, స్టేషన్ రాగానే సముద్రం అనుకోవద్దు. పగటి బండే కావాలని పట్టుబట్టాను. 1998లో మొత్తం లైను మొదలైనప్పటి నుంచి వింటున్నా ఆ సొరంగాల గురించి, రత్నగిరికి ముందు కర్బుడే సొరంగం ఒక్కటే ఆరున్నర కిలోమీటర్లట, అక్కడ పిల్లలు అరవకపోతే నన్నడగండి. తిరుగు ప్రయాణం కొల్హాపూర్ దాకా ఎస్టీ బస్సులో, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సులో, ఘాట్ ఎక్కి. 2023 మార్చి నుంచి ఎస్టీలో ఆడవాళ్ళకు సగం టికెట్టే కదా అంటే అక్క, "మా దగ్గర మొత్తం ఫ్రీ, మీరింకా సగం కాడనే ఉన్నరా" అంది.

తేదీల్లో చివరి ముడి విప్పింది అత్తమ్మ. నేను మొదట అష్టమి నాడు కోట, ఏకాదశికి తిరుగు బస్సు అని రాసుకున్నాను. ఆమె చూసి, "కార్తీక ఏకాదశి నాడు పండరిపురం జనమంతా బస్సుల్లనే ఉంటరు, నిలబడనీకి గూడా జాగ దొరకది" అంది. నిజమే, విఠోబా దర్శనానికి పోయే వారకరీలను మర్చిపోయాను. అన్నీ మూడు నాలుగు రోజులు ముందుకు జరిపాం. భావుబీజ్ విదియ నాడు, అన్నదమ్ములకు హారతి ఇచ్చి మర్నాడే తదియకు బయల్దేరడం. పంచమి నాడు కోట, షష్ఠి నాడు దేవ్‌బాగ్, కర్లీ నది సముద్రంలో కలిసే చోటు. సప్తమి పొద్దున బయటపడటం. నిండుగా రెండు రోజులు, అంతే. మొత్తం కొంకణ్‌లో చిటికెడు.

ఇంకో చిన్న సంగతి చెప్పాలి. రూము ఖాయం చేసేటప్పుడు ఈ కొత్త హోమ్‌స్టే ఆయన "భరతి చూసుకుని రండి" అన్నాడు. మాకు భరతి అంటే పోలీస్ భరతి, తలాఠీ భరతి, నౌకరీల నోటిఫికేషన్లు. ఇక్కడ ఏం భరతి అని నేను బిక్కముఖం వేస్తే మా అమ్మాయి పగలబడి నవ్వింది. భరతి అంటే పోటు, ఓహోటీ అంటే ఆటు, పుస్తకంలో ఉందట. సముద్రానికి కూడా టైంటేబుల్ ఉంటుందని, అది రోజూ ముప్పావుగంటకు పైగా జరుగుతుందని లోతట్టు ఊళ్ళవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? మరి మాకెట్లా తెలియాలి అంటే ఆయన సులువు చెప్పాడు. తిథిని ముప్పాతికతో హెచ్చవేస్తే పోటు నిండే గంట వస్తుంది, అది బొంబాయి లెక్క, మా దగ్గర కొంచెం అటూ ఇటూ, నీళ్ళు వెనక్కి లాగే వేళ మాత్రం పిల్లల్ని లోతుకు దిగనివ్వకండి అని.

నేను ఫోన్లో క్యాలిక్యులేటర్ కోసం వెతుకుతున్నా. స్పీకర్లో అంతా విన్న అత్తమ్మ వత్తులు చేసుకుంటూ తల కూడా ఎత్తకుండా, "పంచమి గదా. అయిదు ముప్పాతికలు మూడు ముప్పావు. పగటీలి పావు తక్కువ నాలుగుకు నిండుతది, ఆరు గంటల ముందు ఖాళీ. కోటకు పొద్దుగాల్నే పోదాం" అంది. చిన్నప్పుడు చదివిన ముప్పాతిక ఎక్కం అట, ఇన్నేళ్ళకు పనికొచ్చింది. అవతల ఆయన, "ఆజీ (అవ్వ) కొంకణ్ వాళ్ళా?" అని అడిగాడు.

ఇప్పుడు మా వంటింటి క్యాలెండర్‌లో గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీకి రెండు గళ్ళ కింద ఎర్రపెన్నుతో "నీళ్ళు 3.45" అని ఉంది. షష్ఠికి 4.30, సప్తమికి 5.15. అష్టమి గడిలో కూడా అత్తమ్మ 6 అని రాసింది, ఆ రోజు మేం కొల్హాపూర్‌లో ఉంటామని చెప్పినా వినలేదు.