స్టడీ సర్టిఫికెట్ కోసం మూడు రోజులు

నిన్ననే మా చెల్లిని ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో దిగబెట్టి ఆదోనికి వచ్చాను. టెన్త్ అవ్వగానే చేరే సర్కారు కాలేజీ అది, ఇంటర్ లాంటి పీయూసీ, ఆ తర్వాత బీటెక్ అక్కడే. కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

దరఖాస్తు పెట్టడం పావుగంట పని. ఎంట్రెన్స్ లేదు, టెన్త్ మార్కులే చూస్తారు. హాస్టల్ లేని సర్కారు బడిలో చదివినవాళ్ళకు 4 శాతం కలుపుతారు కూడా. కులం, ఆదాయం కాగితాలు సచివాలయంలో వచ్చేశాయి.

చిక్కంతా స్టడీ సర్టిఫికెట్ దగ్గర, అంటే ఏ తరగతి ఏ బడిలో చదివిందో బడివాళ్ళు రాసిచ్చే కాగితం. మా అమ్మానాన్న ఏటా సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరప కోతలకు. చెల్లి ఆరో తరగతప్పుడు నేను ఇంటర్ హాస్టల్లో ఉన్నా. ఇంట్లో చూసే దిక్కు లేక దాన్నీ వెంట తీసుకుపోయారు. మూడు నెలలు. బడి రిజిస్టర్లో పేరుంది, పాసయింది. అయినా గుమాస్తా "హాజరు లేదమ్మా, ఎట్లా ఇచ్చేది" అని తిప్పుతూనే ఉన్నాడు.

మూడో రోజు మమ్మల్ని నిలబెట్టి ఫోన్లో మాట్లాడుతున్నాడు. వాళ్ళబ్బాయికి నీట్‌లో ర్యాంకు రాలేదట. "ఒక్క ఏడాది పోతే ఏమైంది బావా, లాంగ్ టర్మ్ పెట్టిద్దాం" అన్నాడు. ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగి, "మూడు నెలలు పోయినాయి కదమ్మా! ఆడపిల్లకు అంతదూరం ఎందుకు? ఇంటర్ ఇక్కడే చేయించి నర్సింగుకు పంపు, తొందరగా చేతికొస్తుంది" అన్నాడు.

దానికంటే బాధ, మా చెల్లి తలూపింది. "అదే బాగుందేమో అక్కా." 562 మార్కులు వచ్చిన పిల్ల! ఏం చదువుతావంటే ఎప్పుడూ "మీ ఇష్టం" అనేది. మా వీధిలో అంతే, ఇష్టాన్ని అడిగేవాళ్ళుంటే కదా. లెక్కల్లో బడి ఫస్టు నేను. ఇడుపులపాయ 2008 నుంచి ఉంది, అయినా టెన్త్ రాసిన రోజుల్లో నాకు దాని పేరు చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు బట్టల షాపులో బిల్లులు రాస్తున్నా.

నేరుగా హెడ్మాస్టర్ గదిలోకి పోయాను. ఆయన పాత రిజిస్టర్ తెప్పించి, చూసి, ఐదు నిమిషాల్లో సంతకం పెట్టారు. మీరు గుమాస్తాల దగ్గర ఆగొద్దు. ప్రేయర్ అవ్వగానే హెడ్మాస్టర్‌ను పట్టుకోండి.

రాత్రి చెల్లి ఫోన్ చేసింది. బీటెక్‌లో ఏ బ్రాంచ్ తీసుకుంటావని గదిలో పిల్లలు అడిగారట.

"ఏం చెప్పినావే?"

"పీయూసీ రెండేళ్ళుంది కదా, చూసి చెప్తా అన్నా."