కందిరీగకు అజిత్రోమైసిన్

పొద్దున్న మా ల్యాబులో బ్యాక్టీరియాని పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ద్రాక్షపళ్ళ వాసన. ఈ వాసన తగిలిందంటే ఆ రోజు ఏదో ఒక డాక్టరుగారికి ఫోన్ చేయక తప్పదు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. షుగర్ ఉన్న ఒకాయన కాలి పుండు నుంచి తీసిన చీము అది. ప్లేటు నిండా ఆకుపచ్చ రంగు పరుచుకుని ఉంది.

ప్లేటు మీద పెట్టిన, యాంటీబయాటిక్ పట్టించిన చిన్న కాగితం బిళ్ళల చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం రావాలి. మేం జోన్ అంటాం, స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. ఇవాళ చాలా బిళ్ళలకి స్కేలు తియ్యాల్సిన పనే పడలేదు. మెరోపెనెమ్ లాంటి గట్టి మందు బిళ్ళ అంచుదాకా కూడా పెరిగిపోయింది. ఇంక మిగిలింది కోలిస్టిన్, వేరే ఏదీ పనిచేయనప్పుడు వాడే యాంటీబయాటిక్. దాన్ని బిళ్ళతో చూసి చెప్పకూడదు, ప్లేటులోని జెల్లీ లాంటి అగార్‌లో సరిగ్గా వ్యాపించదు. గొట్టాల్లో ద్రవం పోసి చూడాలి, దానికి ఇంకో రోజు. పైగా ల్యాబు పరీక్షలకి రూల్స్ పెట్టే అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2020లో రూలు మార్చాక, ఈ బ్యాక్టీరియా మీద కోలిస్టిన్ పనిచేసినా 'సెన్సిటివ్' అని రాయడానికి లేదు. 'ఇంటర్మీడియట్' అనే రాయాలి. చివరి మందు పరిస్థితి అదీ.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఊరెళ్ళాను. వీరవాసరం దాటాక మా ఊరు. ఇవాళ దొడ్లో కొబ్బరి దింపు, నాన్న రొయ్యల చెరువు దగ్గర ఇరుక్కుపోయారు, లెక్క చూసుకునే మనిషి లేరు. నేను వెళ్ళేసరికి దింపు తీసే పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెట్టు మొవ్వులో కందిరీగల తుట్టె ఉందట, చూసుకోలేదు. మెడ మీదా చెవి మీదా కుట్టేశాయి. చెవి ఎర్రగా, నున్నగా, రెండింతలై వేలాడుతోంది. అమ్మ సున్నం రాసింది. ఆయాసం ఉందా, నాలుక మందంగా అనిపిస్తోందా, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగాను. ఏదున్నా ఆసుపత్రికి తీసుకుపోవాలి మరి.

"ఆయ్, ఏం లేదండి అమ్మాయిగారూ, మాకు అలవాటేనండి. మందులు కూడా తెప్పించేసుకున్నానండి."

కాగితం పొట్లంలో మెడికల్ షాపు మాత్రలు. ఒక నొప్పి బిళ్ళ, రెండు అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్ మాత్రలు. ఇదెందుకండీ అంటే, చీము పట్టకుండా అన్నారంటండి, మూడిచ్చారు, ఒకటి మింగేశానండి అన్నాడు. కందిరీగ కుడితే వాచేది విషంతోనే గానీ బ్యాక్టీరియాతో కాదు, మిగతావి వేసుకోకండి అన్నాను. తల ఊపాడు. "అలాగేనండి. జలుబుకి దాచుకుంటానండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే నిన్న రాత్రే బావ వాట్సాప్‌లో ఒక వార్త పంపాడు. పాములు, తేళ్ళు, సాలీళ్ళ విషాల నుంచి కొత్త యాంటీబయాటిక్స్ వస్తున్నాయట, ఇక మొండి బ్యాక్టీరియా పని అయిపోయినట్టేనట. ఆ విషాల్లో కందిరీగదీ ఉంది.

వార్త అబద్ధమేం కాదు. కందిరీగ విషంలో మాస్టోపరాన్ అని 14 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు ఉంటుంది. దానికి పాజిటివ్ చార్జి, బ్యాక్టీరియా పైపొరకి నెగటివ్. వెళ్ళి అతుక్కుంటుంది, పొరని చెడగొడుతుంది, లోపలి సరుకంతా బయటికి కారిపోతుంది. మన కణాల పైపొరకి అంత చార్జి లేదు, కొలెస్ట్రాల్ కూడా ఉంటుంది కాబట్టి కొంత నయం. కొంతే. ఇదే గొలుసు మన ఒంట్లోని మాస్ట్ కణాల్ని రెచ్చగొట్టి, వాపూ దురదా తెచ్చే హిస్టమిన్‌ని వదిలిస్తుంది. పెద్దాయన చెవి అలా అవడంలో దీని వాటా కూడా ఉంది. తేనెటీగ విషంలోని మెలిటిన్ ఇంకా మొరటుది, ఎర్ర రక్తకణాల్ని కూడా పగలగొడుతుంది.

అందుకని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సీజర్ డి లా ఫ్వెంటే బృందం మాస్టోపరాన్‌లో కొంత ముక్క మార్చి, మనకి చేటు తగ్గించి, 2020లో ఫలితాలు బయటపెట్టింది. ఒళ్ళంతా ఇన్ఫెక్షన్ పాకిన ఎలుకల్లో 80 శాతం బతికాయి. 2025లో అదే బృందం కంప్యూటర్‌తో విషాల జాబితాలన్నీ జల్లెడ పట్టించి ఇలాంటి చిన్న గొలుసులు, అంటే పెప్టైడ్లు, 386 ఏరింది. 58 తయారుచేసి చూస్తే 53 బ్యాక్టీరియాని చంపాయి.

ఇక్కడే నాకు పేచీ. చంపడం గొప్పేం కాదు, మా బల్ల తుడిచే హైపో, అదే బ్లీచింగ్ నీళ్ళు, కూడా చంపుతుంది. మనిషిని వదిలేసి దాన్ని మాత్రమే చంపాలి, రక్తంలో అరిగిపోకుండా కాసేపు నిలవాలి, ఉన్న మందు కన్నా మెరుగ్గా ఉండాలి. కప్ప చర్మంలో మైకేల్ జాస్లాఫ్ 1987లో కనిపెట్టిన మాగైనిన్ నుంచి పెక్సిగనాన్ అనే పూతమందు తయారైంది, సరిగ్గా షుగర్ పుండ్ల కోసమే. 1999లో అమెరికా అనుమతి ఇవ్వలేదు. ఉన్న మాత్రల కన్నా మేలని తేలలేదు. విషంలోంచి వచ్చిన యాంటీబయాటిక్ ఏదీ ఇంకా షాపుకి రాలేదు. బీపీ మందు కాప్టోప్రిల్ వచ్చింది, బ్రెజిల్ పాము పుణ్యమా అని, 1981లో. అది వేరే దారి.

"పొరకే చిల్లు పెడతాయి కాబట్టి బ్యాక్టీరియా వీటికి అలవాటు పడటం కుదరదు" అని ఆ వార్తలో ఉంది. కోలిస్టిన్ కూడా పొర మీదే దెబ్బ కొడుతుంది. పైపొర చార్జి మార్చేసుకుని దాన్ని తట్టుకునే జన్యువు ఒకటి, ఎంసీఆర్-1, చైనాలో పందుల్లోనూ మనుషుల్లోనూ ఉన్న బ్యాక్టీరియాలో దొరికిందని 2015లో బయటపడింది. అక్కడ పశువులకి కోలిస్టిన్ విరివిగా వాడేవారు. మన దేశంలో కోళ్ళకీ చేపలకీ పెట్టకూడదని 2019లో నిషేధించారు.

మా దగ్గరి భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనకి పెద్దగా ఉండగానే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది, 1948లో. రెండేళ్ళు తిరక్కుండానే అదే కంపెనీ వాళ్ళు, అది కలిపిన మేత తిన్న కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నాయని చాటారు. మందు మేతలోకి దిగడానికి అంతే పట్టింది. రాత్రి అన్నం దగ్గర ఇది చెబితే నాన్న, "మన చెరువులో ఏం వెయ్యట్లేదమ్మా, ఎగుమతి వాళ్ళు టెస్టు చేస్తారు" అన్నారు. పక్క చెరువుల్లో రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వస్తే ఏం పోస్తున్నారని అడిగాను. అది వైరస్, యాంటీబయాటిక్‌తో పని లేదు. నాన్న మజ్జిగ పోసుకుని ఊరుకున్నారు.

బావకి పెద్ద జవాబు రాయబోయి చెరిపేశాను. "ఎలుకలకి వచ్చింది బావా, మనకి ఇంకా టైముంది" అని ఒక్క ముక్క పెట్టాను. నవ్వే బొమ్మ పెట్టి, అదే వార్తని మా కజిన్స్ గ్రూపులో కూడా వేశాడు.