రెండు తలుపుల ఫ్రిజ్

ఆదివారం రాత్రి, వెస్ట్ మాంబలం, చెన్నై

పొద్దున ఫ్రిజ్ నామీద అరిచింది. తలుపు కాసేపు తెరిచి ఉంచితే కూత పెడుతుంది. ఏం తీయడానికి వచ్చానో మర్చిపోయి అలాగే నిలబడ్డాను. హాల్లోంచి అత్తయ్య, "మూసెయ్యమ్మా, కరెంటు ఊరికే వస్తోందా?" అంది. మూశాక దాని వంక చూశాను. రెండు వారాలుగా అది నా కంటికే ఆనలేదని అప్పుడు తట్టింది.

దీని కోసం మూడేళ్లు ఆగాను. ఉస్మాన్ రోడ్డు మీదుగా ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక షాపులో దూరి, కొననని తెలిసీ, రెండు తలుపులూ తీసి, మూసి వచ్చేదాన్ని. ఇడ్లీ పిండి గిన్నె ఏ అరలో పడుతుంది, కొత్తిమీర ఎక్కడ, పాల ప్యాకెట్లు ఎక్కడ... అంతా మనసులోనే సర్దేసుకునేదాన్ని. షాపు కుర్రాళ్లు నా మొహం గుర్తుపట్టి పలకరించడం కూడా మానేశారు. ఫ్రిజ్ ఇంటికొచ్చి నలభై రోజులు. మొదటి వారం దాహం లేకపోయినా నీళ్లు తాగాం. లోపలి లైటు ఎప్పుడు ఆరుతుందో కనిపెట్టాలని పాప తలుపు సందులో కన్ను పెట్టేది. ఇప్పుడు దానికీ గోడకీ తేడా లేదు.

సాయంత్రం అత్తయ్య కళ్లజోడు ఫ్రేమ్ మార్పించడానికి టీ నగర్ వెళ్లాం. ఆదివారం సాయంత్రం అక్కడికి వెళ్లడం బుద్ధిమంతులు చేసే పని కాదు. రంగనాథన్ వీధిలో మనం నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు. "వాంగక్కా, వాంగ!" అని రెండు వైపుల నుంచీ పిలుపులు. అద్దాలు బిగించడానికి గంట పడుతుందంటే పానగల్ పార్కులో కూర్చున్నాం.

టీ నగర్ అంటే త్యాగరాయ నగర్. ఈ పేటకు ఎవరి పేరు పెట్టారో ఆ పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగాయనే. ఒకప్పుడిక్కడ పెద్ద చెరువు ఉండేది, 1920లలో దాన్ని ఎండగట్టి ఇళ్లూ వీధులూ వేశారు. 1920 మద్రాసు ప్రెసిడెన్సీ ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచి, గవర్నర్ పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయమంటే, పార్టీని నడిపించిన త్యాగరాయ చెట్టి తనకు వద్దన్నాడు. ముఖ్యమంత్రి లాంటి ఆ పదవిని సుబ్బరాయలు రెడ్డియార్ తీసుకున్నారు, ఆయన తర్వాత పానగల్ రాజా. మేం కూర్చున్న పార్కు ఆ రాజా పేరు మీదిదే. వద్దన్న మనిషి పేరున్న పేటకే ఊరంతా వచ్చి అదీ కావాలి ఇదీ కావాలి అంటోంది చూశారా అత్తయ్యా, అన్నాను. ఆవిడ నవ్వలేదు. "వద్దనాలంటే ముందు మన దాకా రావాలి కదమ్మా" అంది.

తర్వాత యయాతిని అందుకుంది. ప్రవచనాలు విని విని ఆవిడకు పురాణమంతా చుట్టాల గొడవలాగే వచ్చేసింది. మామ శుక్రాచార్యుడు శపిస్తే ముసలితనం వచ్చిపడటం, చిన్నకొడుకు పూరుడు తన వయసు ఇచ్చేయడం, వెయ్యేళ్లు అనుభవించాక యయాతి, నెయ్యి పోస్తే మంట ఆరుతుందా, కోరికా అంతే అనడం. "నువ్వు కొడుకు వయసు అడగలేదులే, ఫ్రిజ్జే అడిగావు" అని ముగించింది. నాకు మాత్రం ఒక అనుమానం. వెయ్యేళ్లకు గానీ ఆ సంగతి తెలియలేదంటే, మొదటి వందేళ్లూ బాగానే గడిచి ఉంటాయి. ఇక పూరుడు ఆ వెయ్యేళ్లూ ఎలా నెట్టుకొచ్చాడో ఎవరూ చెప్పరు.

మా ఆఫీసు ట్రైనింగ్‌లో ఒకాయన లాటరీ గెలిచినవాళ్లూ, ప్రమాదంలో కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లూ చివరికి ఒకే సంతోషంలోకి వస్తారని చెప్పాడు. ఇంటికొచ్చి వెతికాను. 1978లో అమెరికాలో చేసిన అధ్యయనం అది. అయిదుకు లెక్కేస్తే లాటరీవాళ్లు 4, మామూలువాళ్లు 3.82, ప్రమాదం పాలైనవాళ్లు 2.96. ఒకటెక్కడైంది? కష్టం కష్టమే. కాకపోతే లాటరీవాళ్లకు టిఫిను తినడం, స్నేహితులతో కబుర్లు లాంటి చిన్న చిన్న వాటిలో రుచి తగ్గిందట. అది నమ్ముతాను.

ఇంకోటీ చదివాను. మెదడులో డోపమైన్ అనే రసాయనం లేకుండా చేస్తే ఎలుకలు తిండి దగ్గరికే వెళ్లవట. నోట్లో తీపి వేస్తే మాత్రం హాయిగా చప్పరిస్తాయట. అంటే కావాలనుకోవడం వేరు, బాగుందనుకోవడం వేరు. ఇది చదివాక ఆ షాపుల్లో గడిపిన మూడేళ్ల మీద గౌరవం పెరిగింది. పైసా ఖర్చు లేకుండా అన్నిసార్లు సంతోషపడ్డాను. కొన్నాక ఆ రోడ్డు మీద నాకు పనే లేకుండా పోయింది, నిజానికి వెలితి అక్కడే ఉంది. కోరికలు చంపుకోమని చెప్పే పెద్దలు ఈ వెలితి గురించి కూడా ఒక మాట చెబితే బాగుండేది.

తిరిగి వస్తుంటే సందు మొదట్లో ఇస్త్రీ బండి అక్క ఆపింది. నెల్లూరు వైపు మనిషి. మా పాత ఫ్రిజ్, పధ్నాలుగేళ్లది, ఆమెకే ఇచ్చాం. దాని తలుపు సరిగ్గా పడదు, మోకాలితో తన్నాలి. అది చెప్పడం మర్చిపోయానని నాకు ఒకటే టెన్షన్. ఆమె అదేం అనలేదు. "అమ్మా, అందులో ఐసు గడ్డలు పెట్టే పళ్లెం ఉండాల కదా? పిల్లోళ్లు గ్లాసుల్లో నీళ్లు పోసి పెట్టి పొద్దస్తమానం తలుపు తీసి చూస్తా ఉండారు, గడ్డ కట్టిందా లేదా అని" అంది.

ఐస్ ట్రే మా అటక మీదే ఉంది, పాత క్యాలెండర్ల వెనకాల. రేపు దించాలి.