రాని పిల్లలకు ఫోన్లు

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో నేను మెడికల్ అసిస్టెంట్‌గా చేసే క్లినిక్‌కి ఎక్కువగా బీదవాళ్ల పిల్లలే వస్తారు. వస్తారు అన్నాను గానీ, పొద్దున్నే నా మొదటి పని ముందురోజు రాని వాళ్లకు ఫోన్లు చేయడం. బరువు తూయడం, టీకాలు వేయడం ఎంతసేపు, తంటా అంతా ఈ ఫోన్లతోనే.

మొదట్లో ఒళ్లు మండేది. ఈ పిల్లలకు మెడికెయిడ్ ఉంది, అంటే బీదవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. చెకప్‌కీ, కళ్లకీ, పళ్లకీ డాలర్ తీయక్కర్లేదు. 1989-91లో తట్టు విజృంభించాక, వీళ్లకు టీకాలు ఉచితంగా ఇవ్వాలని 1993లో చట్టమే చేశారు. మా ఫ్రిజ్‌లో ఆ టీకాలకు వేరే అర, వేరే లెక్క. ఇంత పెట్టుకుని పిల్లల్ని తీసుకురావడానికేం అనుకునేదాన్ని.

ఒకావిడ గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేస్తుంది. రెండేళ్ల బాబుకి రక్తంలో సీసం (లెడ్) ఎంతుందో చూసే పరీక్ష చేయించాలి. మూడోసారి ఫోన్ చేస్తే, "మీరు తొమ్మిదింటికి రమ్మంటారు. రెండు బస్సులు మారాలి, ఆ రోజు జీతం పోతుంది. వాడికి జ్వరం కూడా లేదు కదా?" అంది.

జ్వరం లేదు. చిక్కే అది. ఒంట్లో సీసం చేరినా పిల్లాడు చక్కగా ఆడుకుంటూనే ఉంటాడు, దెబ్బ తగిలేది మెదడుకి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. ఈ ఊళ్లో ఇళ్లు చాలావరకు అంతకు ముందువే. కిటికీ తీసి వేసినప్పుడల్లా పాత పెయింట్ పొడిగా రాలుతుంది. పాకే పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోతుంది. అందుకే మెడికెయిడ్ పిల్లలకు ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ల వయసులో మరోసారి పరీక్ష తప్పనిసరి.

మేం అడిగే ప్రశ్నల్లో, బయటి దేశాల నుంచి తెచ్చిన పసుపు, కాటుక వాడతారా అని కూడా ఉంటుంది, వాటిలోనూ సీసం ఉండొచ్చు కాబట్టి. మొదటిసారి చదివి ఉలిక్కిపడ్డాను. అత్తయ్య నరసరావుపేటలో కొని పంపిన కాటుకతోనే మా పాపకు రోజూ దిష్టిచుక్క! ఆ సాయంత్రమే డబ్బా పారేసి, పాపకు పరీక్ష చేయించాను. ఏమీ లేదు. అత్తయ్యకు మాత్రం కాటుక అయిపోయిందని చెప్పాను.

మా ఊళ్లో అక్క కొడుక్కి టీకా రోజు గుర్తుపెట్టుకునే పనే లేదు. ఆశ కార్యకర్త గుమ్మంలో నిలబడి కేకేసేది, ఏఎన్ఎం పెట్టె తెచ్చుకుని అంగన్‌వాడీలో కూర్చునేది. ఇక్కడ మిషన్లున్నాయి, మందులున్నాయి. ఆ కేకేసే మనిషే లేదు.

మీటింగ్‌లో ఆ మాటే అన్నాను. మా నర్సయితే ఎప్పట్నుంచో మొత్తుకుంటోందట. కింది అంతస్తులో విక్ అనే ప్రభుత్వ పోషకాహార పథకం ఆఫీసుంది. పాలు, గుడ్లు, పాలపొడి సాయం కోసం తల్లులు ఎలాగూ అక్కడికి వస్తారు. ఇప్పుడు గురువారాలు సాయంత్రం ఏడింటిదాకా అక్కడే టేబుల్ వేసుకుని కూర్చుంటున్నాం.

మొన్న ఆ గోడౌన్ ఆవిడ డ్యూటీ చొక్కాతోనే వచ్చింది. బాబు చేతులు సబ్బుతో బాగా కడిగాను. వేలి మీద దుమ్మున్నా లెక్క తప్పుతుంది. సూది గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్క సన్నటి గొట్టంలోకి పట్టాను. వాడు ఏడవలేదు, నా బ్యాడ్జి లాగుతున్నాడు. మూడు నిమిషాలకు మిషన్ 6 అని చూపించింది, అంటే డెసిలీటరు రక్తంలో 6 మైక్రోగ్రాముల సీసం. 3.5 దాటితే నరం నుంచి రక్తం తీసి మళ్లీ చూడాలి.

"ల్యాబ్ ఎప్పుడు?" అంది.

"పొద్దున ఎనిమిది నుంచి నాలుగు దాకా" అన్నాను, ఆవిడ మొహం చూడకుండా.